ఈపర్ 'కవర్' చేశాం సార్!

కిందటి వారం ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర మా టీమ్ తమ్ముడొకడు ఫోన్ తీసి ఒక ఎక్సెల్ షీటు చూపించాడు. సౌతాంప్టన్ నుంచి క్రూజ్ బుక్ చేశాడట, ఏడు రాత్రులు. అందులో బెల్జియంలోని జీబ్రుగ్ రేవులో ఒక రోజు ఆగుతుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా. "అన్నా, ఈపర్ యుద్ధభూమి, బ్రూజ్ ఊరు, ఒక చాక్లెట్ షాపు, ఒక బీరు ఫ్యాక్టరీ. అన్నీ కవర్ అవుతాయి, చూడు," అన్నాడు. పసుపు రంగు గళ్ళు, ఆకుపచ్చ రంగు గళ్ళు, కింద టోటల్. షీటు బాగానే ఉంది. నాకే ఒళ్ళు మండింది.

వాడి మీద కాదు లెండి. ఆ మాట మీద. "కవర్". మనవాళ్ళు యూరప్ వెళ్ళొస్తే ముందు అడిగే ప్రశ్న ఇదే కదా, ఎన్ని కవర్ చేశారు? పది రోజుల్లో ఏడు దేశాలు అంటే గౌరవం, పది రోజులూ ఒకే ఊళ్ళో ఉన్నాం అంటే పాపం డబ్బులు లేవేమో అన్నట్టు చూస్తారు. మన వృత్తిలో ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. టెస్ట్ కవరేజ్ 92 శాతం అని రిపోర్టు పంపిస్తాం. ఆ టెస్టులు లైన్లని తాకాయే గానీ ఏమీ పరీక్షించలేదని రాసినవాడికి తెలుసు. అదీ కవరే, ఇదీ కవరే.

చరిత్ర ఉన్న యుద్ధభూములకి ఓడ ఆగిన ఒక్క పూటలో వెళ్ళి రావడం అనే ఈ వ్యవహారం గురించి ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నాను. ఎందుకంటే నేనూ అదే పని చేశాను. అదే రేవు, అదే ఊరు. పైగా ఒంటరిగా కాదు, మా మావయ్యగారిని తీసుకెళ్ళి మరీ చేశాను.

ముందు ఆ ఊరి గురించి నాలుగు ముక్కలు. ఇంగ్లిషువాళ్ళు ఈప్ర్ అంటారు, అక్కడి ఫ్లెమిష్‌వాళ్ళు ఈపర్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు నోరు తిరక్క వైపర్స్ అన్నారు. నాలుగేళ్ళ పాటు ఆ ఊరి చుట్టూ యుద్ధం జరిగింది. 1918 నాటికి ఊరు లేదు, రాళ్ళగుట్ట మిగిలింది. ఇవాళ మనకు కనపడే పాత ఊరంతా యుద్ధం తర్వాత మళ్ళీ కట్టిందే. ఊరి తూర్పు దారి మీద మెనిన్ గేట్ అని పెద్ద ద్వారం ఉంది. 1927 జులై 24న ప్రారంభించారు. ఆ గోడల నిండా, మెట్ల పక్కన, పైన, ఎటు చూసినా పేర్లే. 54 వేలకు పైగా. ఇవి చనిపోయినవాళ్ళందరి పేర్లు అనుకునేరు. కాదు. చనిపోయి, సమాధి కూడా దొరకనివాళ్ళవి మాత్రమే. అవీ ఆ గోడల మీద పట్టక, 1917 ఆగస్టు నడిమి తర్వాత పోయిన బ్రిటిష్‌వాళ్ళ పేర్లు పక్కన టైన్ కాట్ శ్మశానం గోడ మీద చెక్కారు. అక్కడ ఇంకో 35 వేలు. ఇప్పటికీ పొలాల్లో దున్నుతుంటే ఎముకలు బయటపడతాయి. ఎవరివో తేలితే, సమాధి కట్టి, గోడ మీద ఆ పేరు తీసేస్తారు. డేటాబేస్‌లో రికార్డు క్లోజ్ చేసినట్టు.

ఆ గోడ మీద మనవాళ్ళున్నారు. కొన్ని వందల మంది భారత సైనికుల పేర్లు. ఇది చాలామందికి తెలియదు, నాకూ మావయ్యగారు చెప్పేదాకా తెలియదు. ఆయన సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. మాతో క్రూజ్‌కి రమ్మంటే మూడు నెలలు రాననే అన్నారు. ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందో కాగితం చూపిస్తే, జీబ్రుగ్ దగ్గర వేలు పెట్టి, "ఇక్కణ్ణుంచి ఈప్ర్ ఎంత దూరం బాబూ?" అని అడిగారు. 75, 80 కిలోమీటర్లుంటుందండీ అన్నాను. "అయితే వస్తాను," అన్నారు.

తర్వాత జరిగింది చెప్పాలంటే ముందు లెక్క చెప్పాలి. ఇంజినీరు రాసే టపాలో లెక్క లేకపోతే ఎలా. ఓడ ఆగేది 10 గంటలు, అంటే 600 నిమిషాలు. దిగడానికి లైను, గుంపులుగా పిలవడం, బస్సులో కూర్చోబెట్టడం, దీనికి 45 నిమిషాలు. ఓడ కదలడానికి అరగంట ముందు అందరూ పైన ఉండాలి, ఇంకో 30. రానూ పోనూ ప్రయాణం గంటుంపావు చొప్పున 150. దారిలో ట్రాఫిక్ జామైతే అని ముందుజాగ్రత్తకి ఒక గంట. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 315 నిమిషాలు. ఐదుంపావు గంటలు! తక్కువేం కాదు కదా. నేనూ అలాగే అనుకున్నాను.

బ్రోషర్‌లో ఐదు చోట్లు రాశారు. లాంగెమార్క్‌లో జర్మన్ శ్మశానం, టైన్ కాట్, హిల్ 60, ఊళ్ళో మెనిన్ గేట్, ఎసెక్స్ ఫార్మ్. "స్థానిక రుచులతో భోజనం" అని కూడా రాశారు. ఆ రుచులకి 75 నిమిషాలు పట్టింది. నలభైమంది బస్సు, మధ్యలో బాత్‌రూముల కోసం రెండుసార్లు ఆగితే అరగంట. ఇక ఒక్కో చోట అందరూ దిగడం, మళ్ళీ ఎక్కడం, తలలు లెక్కపెట్టడం, ఇద్దరు తగ్గారంటే వెతకడం, కనీసం పావుగంట. ఐదు చోట్లకి 75. అన్నీ పోగా 135 నిమిషాలు మిగిలాయి. ఐదుతో భాగించండి. చోటుకి 27 నిమిషాలు.

అర్థమైందా? కాంటెక్స్ట్ స్విచింగ్‌కి అయిన ఖర్చు పక్కన పెట్టుకుంటే అసలు పనికి పెట్టింది సగం కూడా లేదు. మన మేనేజర్ ఒకే రోజు ఐదు ప్రాజెక్టుల మీద 'కొంచెం కొంచెం' పనిచెయ్యమంటే గోల గోల చేస్తాం. అదే మేనేజర్ పద్ధతిలో సెలవు ప్లాన్ చేసుకుని డబ్బు కట్టి మరీ అనుభవిస్తాం.

మెనిన్ గేట్ దగ్గర మా 27 నిమిషాలు ఇలా గడిచాయి. గైడు మంచి మనిషే, బాగా చదువుకున్నాడు. బ్రిటిష్ రెజిమెంట్ల గురించి, కెనడావాళ్ళ గురించి, ఆస్ట్రేలియావాళ్ళ గురించి పది నిమిషాలు చెప్పాడు. బస్సులో ఎక్కువమంది వాళ్ళే కాబట్టి తప్పు పట్టలేను. మావయ్యగారు చెయ్యెత్తి ఇండియా వాళ్ళ పేర్లు ఏ వైపున్నాయని అడిగారు. ఉన్నాయని గైడుకి తెలుసు. ఎక్కడో తెలియదు. మేమిద్దరం చెరో వైపు వెతకడం మొదలుపెట్టాం. 54 వేల పేర్లలో, ఇండెక్స్ లేకుండా, లీనియర్ సెర్చ్! ఇండెక్స్ ఉందని, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో పేరూ రెజిమెంటూ కొడితే ఏ పలక మీద ఉందో చెబుతుందని నాకు ఇంటికొచ్చాక తెలిసింది. జీవితమంతా సెర్చ్ రాసి బతికేవాణ్ణి, వెళ్ళేముందు సెర్చ్ చెయ్యలేదు. ఈ తప్పు కంపెనీది కాదు, నాది.

గైడు చివర్లో చెప్పాడు, 1928 నుంచీ ప్రతి సాయంత్రం సరిగ్గా 8 గంటలకి ఇక్కడ ట్రాఫిక్ ఆపి, ఊరి అగ్నిమాపక దళంలోని వాలంటీర్లు బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతారని. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించుకున్న నాలుగేళ్ళు మాత్రం ఇక్కడ ఆగి ఇంగ్లండులో జరిగిందని, 1944 సెప్టెంబరు 6న పోలండ్ సైనికులు ఊరిని విడిపించిన సాయంత్రమే ఇక్కడ మళ్ళీ మొదలైందని. మావయ్యగారు వింటున్నారు. మన సైన్యంలోనూ అదే లాస్ట్ పోస్ట్. తనతో పనిచేసినవాళ్ళకి అది ఊదుతుంటే ఆయన నిలబడి విన్నారు. ఎన్నిసార్లో నాకు చెప్పలేదు.

"మనం ఎన్నింటికి బయల్దేరాలి బాబూ?"

"మూడుంపావుకండీ."

ఆయన ఇంకేమీ అనలేదు. బస్సు హారన్ కొట్టింది. ఆయన గేటు మధ్యలో నిలబడి, ఏ గోడ వైపో తెలియకుండానే ఒక సెల్యూట్ కొట్టి వచ్చేశారు. ఆ సాయంత్రం 8 గంటలకి మేం ఓడలో బఫే లైన్లో ఉన్నాం.

సరే, కథ అయింది. వాదనకొద్దాం.

దీనికి నాకు మూడు రకాల సమాధానాలు వచ్చాయి, ఇంట్లోనూ ఆఫీసులోనూ. మొదటిది, "సెలవుల్లో పిల్లలతో వెళ్ళి సమాధులు చూడ్డమేంటండీ బాబూ?" దీని గురించి ఎక్కువ రాయను. వద్దనుకుంటే బ్రూజ్ వెళ్ళండి, అందమైన ఊరు, రేవుకి దగ్గర, హాయిగా రోజంతా తిరగొచ్చు. నా పేచీ వాళ్ళతో కాదు.

రెండోది, "ఎలాగూ అంత దూరం వెళ్ళాం, అసలు చూడకపోవడం కన్నా కొంచెం చూడ్డం నయం కదా?" ఇది గట్టి వాదన. గుడి విషయంలో ఒప్పుకుంటాను. క్యూలో రెండు గంటలు నిలబడి రెండు సెకన్లు స్వామిని చూసినా మనకి తృప్తే. మ్యూజియంలో ఒక్క బొమ్మ చూసినా చూసినట్టే. కానీ యుద్ధభూమి అలాంటిది కాదు. అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు! పొలం ఉంటుంది. ఆవులుంటాయి. ఫ్లాండర్స్‌లో అయితే వానుంటుంది. 27 నిమిషాల్లో బ్రూజ్ మీకు ఒక కాలవైనా చూపిస్తుంది. 27 నిమిషాల్లో పొలం మీకు పార్కింగ్ చూపిస్తుంది, అంతే. ఆ నేల విషయం తెలియాలంటే రెండే మార్గాలు. ముందే చదువుకుని రావాలి, వచ్చాక నడవాలి. నడవడానికి టైము కావాలి.

ఉదాహరణకి చెబుతాను. 1914 సెప్టెంబరు ఆఖర్లో మార్సేల్స్ రేవులో దిగడం మొదలుపెట్టిన భారత దళంలో రెండు డివిజన్లున్నాయి, లాహోర్, మీరట్. అక్టోబరు కల్లా ఈపర్ దగ్గర కందకాల్లో ఉన్నారు, చలికాలానికి సరైన బట్టలు కూడా చేరకముందే. అక్టోబరు 31న హోలెబెక్ ఊరి దగ్గర 129వ బలూచీలలో మెషీన్ గన్ సిపాయి ఖుదాదాద్ ఖాన్, తోటివాళ్ళంతా చనిపోయినా తుపాకి వదల్లేదు, గాయాలతో పాక్కుంటూ వెనక్కి వచ్చాడు. విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారత సైనికుడు అతనే. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు ఈ ఊరికి ఉత్తరాన క్లోరిన్ వాయువు వదిలారు. పశ్చిమ రంగంలో అంత పెద్ద ఎత్తున విషవాయువు వాడటం అదే మొదలు. ఫ్రెంచి దళాలున్న లైను తెగిపోయింది. ఆ కంత పూడ్చడానికి లాహోర్ డివిజన్‌ని దక్షిణాన్నించి హడావుడిగా నడిపించుకొచ్చారు. 26వ తేదీ మధ్యాహ్నం, అలిసిపోయినవాళ్ళని, చేలో చాటు లేకుండా కిలోమీటరుకు పైగా దిగి మళ్ళీ ఎక్కే నేల మీద దాడికి పంపారు. ఎదురుగా గట్టు మీద మెషీన్ గన్లు. పైగా మళ్ళీ గ్యాస్. మాస్కుల్లేవు, తడిగుడ్డ, తలపాగా కొస, ఏది దొరికితే అది. అక్కడ జమాదార్ మీర్ దస్త్ అధికారులు లేకుండా పోయిన తన మనుషుల్ని కూడగట్టుకుని నిలిచాడు, గాయపడ్డ ఎనిమిదిమంది బ్రిటిష్, భారత అధికారుల్ని మోసుకొచ్చాడు. ఆయనకీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇదంతా ఇంట్లో కుర్చీలో చదవొచ్చు కదా అంటారా? చదవాలి కూడా. కానీ విల్టె పక్కన ఆ ఏటవాలు నేల మీద ఒక ముప్పావుగంట నడిస్తే, "చాటు లేని నేల" అనే మాట కాళ్ళకి అర్థమవుతుంది. గట్టు చూడ్డానికి గట్టులాగే ఉండదు. మన గుంటూరు వైపు చెరువు కట్ట కూడా దానికన్నా ఎత్తు. అంత చిన్న ఎత్తు కోసమా అనిపిస్తుంది. అంత చిన్న ఎత్తు వల్లే పైనున్నవాడికి కిందున్నవాడు అంత బాగా కనపడ్డాడు. బ్రోషర్‌లోని ఐదు చోట్లలో ఈ పొలం లేదు. ఉండదు కూడా, ఎందుకంటే బస్సు ఆపుకోవడానికి, ఫొటో దిగడానికి అక్కడేం లేదు.

(మీరెలా నడిచారు, బస్సులో వెళ్ళామన్నారుగా అని అడిగేవాళ్ళకి: రెండేళ్ళ తర్వాత ఆఫీసు పని మీద బ్రస్సెల్స్ వెళ్ళినప్పుడు ఒక శనివారం ఒక్కణ్ణే పోయాను. ఆయన లేకుండా పోయినందుకు ఇప్పటికీ గిల్టీగానే ఉంది.)

మూడో సమాధానం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఒక సీనియర్ అన్నారు, "అది బ్రిటిష్‌వాడి యుద్ధం. మనవాళ్ళు జీతానికి పోయి చచ్చారు. పైగా వాళ్ళలో తెలుగువాళ్ళెవరూ లేరు. నీకెందుకీ బాధ?"

మొదటి ముక్క నిజమే. వలస ప్రభుత్వం సొంత యుద్ధానికి మన మనుషుల్ని వాడుకుంది, దాన్ని త్యాగం అని పిలిచి దండలెయ్యమని నేను అనను. రెండో ముక్కలోనూ చాలా వరకు నిజం ఉంది. ఆ రెండు డివిజన్లలో ఎక్కువమంది పంజాబ్, గఢ్వాల్, నేపాల్, వాయవ్య సరిహద్దు వాళ్ళు. 'యోధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్‌వాళ్ళు అప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళని పదాతి దళంలో బాగా తగ్గించేశారు. మన వైపు నుంచి పోయినవాళ్ళు వేరే రంగాల్లో కనపడతారు. మద్రాస్ శాపర్లు మెసొపొటేమియాలో, హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా వైపు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు విగ్రహాలున్నాయి చూడండి, జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ రాజ్యాల అశ్వదళాలకి గుర్తుగా పెట్టినవి. ఆ కూడలి మీదుగా ఎన్నిసార్లు ఆటోలో పోయానో, ఒక్కసారి తలెత్తి చూడలేదు.

అయితే ఇక్కడే నాకు మండే సంగతి ఒకటుంది. ఫ్రాన్సులో, బెల్జియంలో చనిపోయిన భారత సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు. మెసొపొటేమియాలో పోయినవాళ్ళకి బాస్రాలో స్మారకం కట్టారు. అక్కడ భారత అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలకి మాత్రం అంకె వేశారు. ఫలానా రెజిమెంటు, ఇతరులు ఇంతమంది, అని! 2021లో ఆ వార్ గ్రేవ్స్ కమిషనే ఒక నివేదిక వేసి, యూరప్ బయట ఆసియా, ఆఫ్రికా మనుషుల్ని సమానంగా స్మరించలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అంటే మన జిల్లాల నుంచి శాపర్లలో చేరి అక్కడ పోయినవాడు ఎవడైనా ఉంటే, వాడు రాతి మీద అంకెలో ఒకటి. పేరున్న గోడ ఈపర్‌లో ఉంది. ఇంకొంచెం కిందికి, ఫ్రాన్సులో న్యూవ్ షపెల్ దగ్గర ఉంది. అక్కడ 4,700కి పైగా భారతీయుల పేర్లున్నాయి, 1927 అక్టోబరులో ప్రారంభించారు. మధ్యలో అశోక స్తంభాల తరహాలో ఎత్తైన స్తంభం, రెండు పక్కలా పులులు. తెలుగు పేరు దొరుకుతుందా లేదా అని కాదు. పేరు చెక్కించుకోగలిగిన కొద్దిమంది దగ్గరికి వెళ్ళి, అక్కడ కూడా పేరు చదవకుండా "కవర్" చేసి వచ్చేస్తే, మనమూ అంకె వేసినట్టే కదా? 27 నిమిషాలు, ఒక ఫొటో, ఒక టిక్కు.

మాది పల్నాడు. కారెంపూడిలో ప్రతి కార్తీక అమావాస్యకి వీరుల ఆరాధన మొదలైతే ఐదు రోజులు జరుగుతుంది. ఎప్పటి యుద్ధం, ఎప్పటి మనుషులు! మా నాయనమ్మ ఆ ఐదు రోజుల్లో ఏ రోజు ఏ ఘట్టమో చూడకుండా చెప్పేది. ఒక్క రోజుకి కుదించి మధ్యాహ్నం కల్లా ముగిద్దాం అని ఎవరైనా అంటే ఆవిడ చీపురు తీసేది :)

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఓడవాళ్ళ టూరుకి ఒక పెద్ద మేలుంది. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీరు సొంతంగా పోయి ఆలస్యమైతే ఆగదు. షెంగెన్ వీసా కోసం నానా పాట్లు పడ్డ మనలాంటి పాస్‌పోర్టువాళ్ళకి పరాయి రేవులో ఓడ తప్పిపోవడం అంటే తమాషా కాదు. రైల్లో పోదామా అంటే బ్రూజ్ వచ్చి, కోర్‌ట్రైక్‌లో మారి వెళ్ళేసరికి రెండు గంటలు దాటిపోతుంది, ఆ పని పెట్టుకోకండి. ఇంకొకటి, మనలాంటి వాళ్ళే బోల్తా పడేది. సౌతాంప్టన్ ఓడలు కొన్నిసార్లు ఇంగ్లండు టైమే నడుపుతాయి, కొన్నిసార్లు గడియారం ఒక గంట ముందుకి తిప్పుతాయి. బెల్జియం ఒక గంట ముందుంటుంది. ఓడ బెల్జియం టైములో ఉండి, మీ చేతి గడియారం ఇంగ్లండులో ఉంటే, మీరు ఐదింటికి తాపీగా గేటు దగ్గరకొచ్చేసరికి ఓడ కదులుతూ ఉంటుంది. టైమ్ జోన్ బగ్గు ప్రొడక్షన్‌లో వస్తే రోల్‌బ్యాక్ ఉంటుంది. రేవులో ఉండదు.

అందుకని ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇది. బ్రూజ్ కొట్టెయ్. బీరు ఫ్యాక్టరీ కొట్టెయ్, బీరు ఓడలోనూ దొరుకుద్ది. నీతో ఇంకో రెండు కుటుంబాలున్నాయి కాబట్టి వ్యాను మాట్లాడుకోండి, ఆ ఊరి గైడునే పెట్టుకోండి, భారత దళం నడిచిన నేల చూపించమని ముందే మెయిల్ రాయండి. తిండి కట్టుకుపోండి, పులిహోర చాలు. ఆ 315 నిమిషాల్లో ఒక గంట మెనిన్ గేట్, పక్కన కోట గట్టు మీద సింహాలతో మన సైనికుల స్మారకం ఉంది అక్కడ పది నిమిషాలు, తర్వాత విల్టె వైపు నడక. మిగిలిన టైము అలాగే వదిలెయ్యి, ప్లాన్ చెయ్యకు. వెళ్ళేముందు కమిషన్ సైటులో 57వ వైల్డ్స్ రైఫిల్స్, 129వ బలూచీ అని కొట్టి నాలుగు పేర్లు కాగితం మీద రాసుకుని పో. అక్కడ ఆ నాలుగూ వెతికి పట్టుకుని పైకి చదువు, పిల్లల చేత చదివించు. అప్పటి మన సైనికుల ఉత్తరాలు, సెన్సార్‌వాళ్ళు చదివి అనువదించినవి, బ్రిటిష్ లైబ్రరీలో మిగిలాయి. వాటిల్లో కొన్నైనా ఓడలో కూర్చుని చదువు. స్విమ్మింగ్ పూల్ పక్కనైనా సరే.

వ్యాను వద్దు, ఓడవాళ్ళ బస్సే భద్రం అంటావా, తప్పు లేదు. బుక్ చేసేముందు ఆ కౌంటరులో ఒక్క ప్రశ్న అడుగు. "ఒక్కో చోట ఎన్ని నిమిషాలు నేల మీద ఉంటాం?" బ్రోషర్‌లో అన్నీ ఉంటాయి, ఇది ఉండదు. ఐదు చోట్ల టూరు, రెండు చోట్ల టూరు అని రెండుంటే రెండు చోట్లదే తీసుకో. జవాబు చెప్పలేకపోతే బ్రూజ్ వెళ్ళి హాయిగా వాఫుల్ తిను. అది కూడా నిజాయితీ గల సెలవే.

సాయంత్రం 8 గంటల లాస్ట్ పోస్ట్ మాత్రం ఓడలో వచ్చినవాడికి దొరకదు, ఆరింటికి కదిలే ఓడకి ఏ ఎక్సెల్ షీటూ మందు కాదు. దానికి ఆ ఊళ్ళో రాత్రి పడుకోవాల్సిందే.

తమ్ముడు షీటులో రెండు గళ్ళు చెరిపాడు. చాక్లెట్ షాపు అలాగే ఉంచాడు, వాళ్ళావిడకి మాటిచ్చాడట. సర్లే అన్నాను.

మావయ్యగారికి ఇప్పుడు 74. మోకాళ్ళు బాలేవు. మొన్న ఫోన్‌లో ఏప్రిల్ చివర్లో సెలవుందని, బ్రస్సెల్స్ దాకా విమానం, అక్కణ్ణుంచి ఈపర్‌కి రైలు సుమారు రెండు గంటలేనని, ఊళ్ళో రెండు రాత్రులు ఉండొచ్చని చెప్పాను. "మధ్యలో ఇంకేం చూపిస్తావు?" అని అడిగారు. ఏమీ లేదండీ, అదొక్కటే అన్నాను. ఒక క్షణం ఆగి, "స్వెట్టర్ ఏది తెచ్చుకోను?" అన్నారు. వీసా అపాయింట్‌మెంటు ఎల్లుండి. నిమిషాల లెక్క ఉన్న షీటు నా దగ్గరుంది, ఎవరికైనా కావాలంటే కింద కామెంటు పెట్టండి, పంపిస్తాను.